స్టాండు కింద పలక

బండికి ముందూ వెనకా ఎర్రగా ఒకటే అక్షరం, డి.
మా వేల్సు భాషలో నేర్చుకునేవాళ్ళ పేరు
ఆ అక్షరంతోనే మొదలవుతుంది.
రెండేళ్ళకోసారి వెళ్ళి
కోన్‌ల మధ్య ఎనిమిది అంకె చుట్టి
కొత్త కాగితం తెచ్చుకుంటాను.
అసలు పరీక్ష ఎప్పుడే నెరిస్ అని
బేకరీలో అందరూ అడిగి అడిగి ఊరుకున్నారు.
నలభై తొమ్మిదేళ్ళు నాకు.
ఇంకా నేర్చుకుంటున్నానని
ఊరంతటికీ కనపడేలా రాసుకు తిరిగే వీలు
మరెక్కడ దొరుకుతుంది?

నూట ఇరవై ఐదు సీసీ.
నా చేతికొచ్చేసరికే ఐదుగురి తప్పులు మోసిన బండి.
సీటు చిరుగుకి నల్ల టేపు,
టేపు చిరుగుకి మళ్ళీ టేపు.
న్యూట్రల్ లైటు, తనకి వెలగాలనిపిస్తే వెలుగుతుంది.
చలికాలం తెల్లవారుజామున నాలుగింటికి
చోక్ లాగి, బతిమాలి, తిట్టి,
మళ్ళీ బతిమాలితే
ఒక దగ్గు దగ్గి, గొంతు సవరించుకుని
సరే పద అంటుంది.

క్రిమియా కనుమ ఎక్కేటప్పుడు
మూడో గేరు చాలదు, రెండోది మూలుగుతుంది.
నా వెనక లారీ, లారీ వెనక పాల ట్యాంకరు,
దాని వెనక సెలవులకొచ్చిన కార్లు,
పెళ్ళికూతుర్ని నేనే అయినట్టు ఊరేగింపు.
గోడ మీంచి గొర్రెలు జాలిగా చూస్తాయి.
దిగేటప్పుడు మాత్రం
గాలి వీపున చెయ్యేసి తోస్తే
యాభై మైళ్ళు!
హెల్మెట్ లోపల ఏమని అరుస్తానో
ఎవరికీ చెప్పను.

కొన్న రోజు సీటు కింద
అరచెయ్యంత పలకరాయి ముక్క కనిపించింది.
ఒక మూల చిల్లు, చిల్లులో బారెడు బూటు లేసు.
మా ఊళ్ళో పలకరాయికి కొదవా?
ఇళ్ళ మీద అదే, కంచెలకి అదే, సమాధుల మీద అదే,
పనికిరాదని కొండలు కొండలుగా పారబోసిందీ అదే.
ఎవరి నమ్మకమో అనుకున్నాను.
పారేయడానికి చెయ్యి రాలేదు.

ట్యాంకు కుడివైపు సొట్ట తడిమి
"ఇది నాదే, గేటు తెరిచి ఉందనుకున్నాను" అనేవాడు ఇద్వాల్.
ఇంటింటికీ బొగ్గు బస్తాలు వేసిన మనిషి,
బండికి మొదటి యజమాని.
రొట్టె కోసం వచ్చినప్పుడల్లా
ముందు సొట్టని పలకరించేవాడు, తర్వాత నన్ను.

నవంబరులో పోయాడు.
శవాన్ని తీసుకెళ్ళే కారు వెనక నేనూ వెళ్ళాను,
డి అక్షరం తుడిచి, చెయిన్‌కి నూనె పెట్టి.
ఆ నడక దీనికి సరిగ్గా సరిపోయింది.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఎవరి దారికీ అడ్డం కాలేదు.

శ్మశానం గేటు లోపల గడ్డి నానిపోయి ఉంది.
స్టాండు వేసి నాలుగడుగులు నడిచానో లేదో
ఎవరో కూర్చోమన్నట్టు, మెల్లగా, మర్యాదగా
పక్కకి ఒరిగి పడిపోయింది.
ప్రార్థన సగంలో ఆగింది.
నల్ల కోట్ల గుంపులోంచి ముగ్గురు వచ్చారు,
కార్విన్, మెలెరి, బస్సు తోలే గెథిన్.
ఎక్కడ పట్టుకోవాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.
ఒకరు హ్యాండిలు, ఒకరు వెనక కడ్డీ,
గెథిన్ మాత్రం సైలెన్సర్‌కి తగలకుండా
సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు,
ఒకసారి కాల్చుకున్నవాడిలా.

"పలకేదీ?" అంది మెలెరి,
బడికి వట్టి చేతులతో వచ్చిన పిల్లని అడిగినట్టు.
తనే సీటెత్తి తీసి
స్టాండు కింద గడ్డి మీద పరిచి
లేసు కొస హ్యాండిలుకి ముడేసింది.
"ఎక్కి కూర్చున్నాక లాగు, వచ్చేస్తుంది.
ఇద్వాల్ చేసిందే. నీకెవరూ చెప్పలేదూ?"

ఏడేళ్ళు.

అందరూ వెళ్ళాక ఎక్కి కూర్చుని లాగాను.
తడి పలక ఊగుతూ వచ్చి మోకాలికి తగిలింది.
మట్టి తుడిచి చూస్తే
నడిమధ్య గుండ్రంగా ఒకటే గీత,
ఒకరు రాసినదాని మీద ఒకరు దిద్దుతూ పోయినట్టు
లోతుగా, తెల్లగా.

ట్యాంకు ఎడమవైపు సొట్ట, కొత్తది.
చోక్ లాగాను.
దగ్గింది.
మళ్ళీ లాగాను.